అమ్మకు అక్కి వచ్చింది

కుప్పం నుంచి మా అక్క కూతురు ఫోన్ చేసినప్పుడు నేను మదనపల్లెలో మా వంటింటి కిటికీ దగ్గర నిలబడి కాఫీ వడగడుతున్నాను. మా ఇంట్లో అక్కడ తప్ప ఇంకెక్కడా సిగ్నల్ అందదు. అక్కడైనా మాటలు తెగి తెగి వస్తాయి.

"మామా, అమ్మకు అక్కి వచ్చిందప్పా," అంది.

నాకు సంతోషమైంది. మరునాడు పుంగనూరులో మా హేతువాదుల సభ. రోగాలు, మూఢనమ్మకాలు అనే విషయం మీద నేను మాట్లాడాలి, వచ్చినవాళ్లకు మధ్యాహ్నం భోజనం పెట్టాలి. బంగారుపేట మండీలో బియ్యం బాగుంటాయని, ఒక బస్తా తెప్పించి బస్సుకు వేయమని అక్కకు చెప్పి ఉన్నాను. ఆ మండీ ఆయన కన్నడిగుడు, బియ్యాన్ని అక్కి అంటాడు. పుంగనూరు పక్క, కన్నడ సరిహద్దు బళ్లలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి నా నోట్లోనూ ఆ మాట తిరుగుతుంది.

"వచ్చిందా? మంచిది. ఎంత ఉంది?"

"సగం ఉండాది మామా. ఒక పక్కే."

సగం బస్తాయే పంపాడన్నమాట. "సగమైనా పరవాలేదులే. తెలిసిన మనిషిని పిలిచి దించుకోండి. తడి మాత్రం తగలనీయొద్దు."

ఆశ్చర్యపోయినట్టుగా, "నువ్వూ అదే అంటాండావా మామా! ఈడ అందురూ అదే చెప్తాండారు," అంది. బస్సుకు వేసే సంగతి చెప్పబోయేలోపు లైను తెగిపోయింది. నేను కాఫీ తాగి, ఉపన్యాసం రాసుకోవడానికి కూర్చున్నాను.

కుప్పం మూడు భాషల ఊరు. కన్నడంలో బియ్యమైన అక్కి, తమిళం కలిసిన కుప్పం మాటలో ఒక జబ్బు. మదనపల్లె పక్క మేం దాన్ని సర్పి అంటాం. ఒంటికి ఒకే పక్కన పూసలు గుచ్చినట్టు నీటిపొక్కులు వరసగా లేచి మంటలు పుట్టిస్తాయి. పాము చుట్టుకుందని జనం భయం. దాని తలా తోకా కలిస్తే మనిషి బతకడంటారు. కలవకుండా ఉండేందుకు కావిమన్ను కలిపి పొక్కుల మీద సింహం బొమ్మ రాయిస్తారు. దాన్నే అక్కి దించడం అంటారు. దించినాక తడి తగలకూడదు.

ఇదంతా నాకు తెలియదా? తెలుసు. సభల్లో ఎన్నిసార్లు ఎగతాళి చేశానో లెక్కలేదు. అయినా ఆ పొద్దున నా బుర్రలో ఉన్నది బస్తా ఒక్కటే.

మరునాడు పుంగనూరులో హాలు నిండింది. కుప్పం బస్సు వచ్చిపోయింది గానీ బియ్యం దిగలేదు. హోటలు నుంచి అన్నం తెప్పించి పరువు నిలబెట్టుకున్నాం. నా తర్వాత మాట్లాడవలసినది ఒక డాక్టరమ్మ. కలకడ పక్క కూలి చేసి చదివించిన ఇంటి బిడ్డ. కుప్పం దగ్గర ఒక వైద్య కళాశాలలో అంటువ్యాధుల మీద పరిశోధన చేస్తోంది. క్రిమి ఒంట్లోకి వచ్చినప్పుడు ఒళ్లు ఏం చేస్తుంది, ఏళ్లు గడిచాక దాన్ని ఎంతవరకు గుర్తుపెట్టుకుంటుంది అన్నది ఆమె పని. ఆమె ప్రసంగం అయిపోయి అందరం విస్తళ్ల ముందు కూర్చున్నప్పుడు నేను అక్క కూతురికి మెసేజి పెట్టాను: "అక్కి ఏమైంది?"

జవాబుగా ఫొటో వచ్చింది.

మొదట అదేమిటో తెలియలేదు. ఎర్రటి మన్ను మెత్తిన ముఖం. నుదుటి మీద తోక ఎత్తిన సింహం. సింహం కాళ్లు ముక్కు మీదుగా దిగి ఉన్నాయి. ఎడమకన్ను వాచి మూసుకుపోయింది. తెరిచి ఉన్న కుడికన్ను మీద తెల్లటి పొర. ఆ పొరను చూసి అది మా అక్క అని గుర్తుపట్టాను. కింద రాసి ఉంది: "నువ్వు చెప్పినట్లే తెలిసినాయన్ని పిలిచి దింపించినాము మామా. తడి తగలనీలేదు."

నేను విస్తరి పక్కకు జరిపాను.

ఆ తెల్లపొర సంగతి చెప్పాలి. చిన్నప్పుడు అక్కకు కళ్లకలక వస్తే ఎవరో వచ్చి ఏదో ఆకు పసరు పిండారు. ఎడమకంటిలో పిండబోతే అక్క ఆ చెయ్యి కొరికి పారిపోయింది. కుడికన్ను పోయింది, ఎడమకన్ను మిగిలింది. ఆ ఒక్క కంటితో కుట్టుపని నేర్చుకుంది. జాకెట్లు కుట్టి కూతుర్ని చదివించింది. నేను సభల్లో అరిచే ప్రతి అరుపు వెనకాల ఆ పసరు ఉంది. ఇప్పుడు పాము ఎడమ పక్కన లేచింది. ఆ పక్కకు మన్ను పూయించింది నా మాట.

ఫొటోను డాక్టరమ్మకు చూపించాను. ఆమె చెయ్యి కడుక్కోకుండానే ఎడమచేత్తో ఫోను అందుకుని బొమ్మను పెద్దది చేసింది.

"ముక్కు కొన మీద పొక్కు ఉందా సార్?"

"ఏమో. ఎందుకు?"

"ముక్కు కొనకు పోయే నరమే కంటిలోకీ పోతుంది. అక్కడ పొక్కు ఉంటే కన్ను ప్రమాదంలో ఉన్నట్టే అనుకోవాలి. ఈ మన్ను కింద ఏమీ కనిపించడం లేదు. పొక్కులు ఎప్పుడు లేచాయి?"

అక్క కూతురికి ఫోన్ చేశాను. మొన్న పొద్దున్నుంచి అంది. డాక్టరమ్మ లేచి నిలబడింది. "మందు మూడు రోజుల లోపల మొదలుపెడితేనే మేలు. ఇవాళ మూడో రోజు. నా కారు కుప్పమే పోతుంది, ఎక్కండి."

నేను ఫోన్లో అరుస్తున్నాను. "ఆ మన్ను కడిగేయ్! ఇప్పుడే కడిగేయ్!"

"తడి తగలనీయొద్దని నువ్వే అన్నావు గదా మామా!"

"నేనన్నది బియ్యం గురించి!"

"బియ్యమేంది మామా? ఏం చెప్తాండావు నువ్వు? ఎండ తగిలిందా?"

పెద్దపంజాణి దారి దాటేదాకా ఆ పిల్లకు అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. అర్థమయ్యాక ఆమె ఏడ్చింది. "అమ్మ కడగనీదు మామా. 'నా తమ్ముడంతటివాడే సరే అన్నాడు, అంటే ఇదే నిజం' అని ఊరంతా చెప్పుకునింది. ఇప్పుడు నేను చెప్తే వింటాదా?"

జీవితమంతా కాదు కాదు అని అరిచినవాడు ఒక్కసారి అవునన్నట్టు వినబడితే, ఆ అవునుకు ఎంత విలువో అప్పుడు తెలిసింది. పలమనేరు దగ్గర డాక్టరమ్మను అడిగాను. "ఈ పాము ఎక్కడి నుంచి వచ్చింది?"

"మీ అక్కకు చిన్నప్పుడు అమ్మవారు, అదే ఆటలమ్మ, పోసిందా?"

"ఇద్దరికీ పోసింది. ముందు ఆమెకు, తర్వాత నాకు."

"అదే ఇది. పొక్కులు ఆరిపోతాయి గానీ క్రిమి పోదు. నరాల మొదట్లో దాక్కుని ఏళ్లకేళ్లు పడుకుంటుంది. మన నెత్తుటిలో కొన్ని కణాలు దాన్ని గుర్తుపెట్టుకుని కాపలా కాస్తాయి. వయసు మీదపడితే కాపలా సడలుతుంది. అప్పుడది లేచి, తాను పడుకున్న నరం వెంబడే చర్మం మీదికి నడిచి వస్తుంది. ఎవరిలో ఎందుకు లేస్తుందో, ఎవరిలో చచ్చేదాకా లేవకుండా ఎందుకు ఉంటుందో, అదే మేం వెతికేది."

"అంటే నాలోనూ ఉంది."

"ఉండే ఉంటుంది."

రామకుప్పం దగ్గర కారు ఆగిపోయింది. ముందు పది బండ్లు నిలబడి ఉన్నాయి. పట్టపగలే ఏనుగులు రాగిచేలో దిగాయట. అటవీశాఖ వాళ్లు ఎవరినీ పోనీయడం లేదు. దూరంగా టపాకాయల మోత. నేను దిగి, అడ్డం నిలబడిన ఆయనతో కన్ను సంగతి చెప్పాను, బతిమాలాను, కేకలు వేశాను.

"అరిస్తే ఏనుగు ఈ పక్కే వస్తాదప్పా," అన్నాడాయన నెమ్మదిగా. "పొయ్యి కార్లో కూకో."

కూర్చున్నాను.

"తలా తోకా కలిస్తే చావంటారే," అన్నాను డాక్టరమ్మతో. "ఎప్పుడైనా కలవడం చూశారా?"

"లేదు సార్. ఎడమ నరంలో లేచింది ఎడమ పక్కనే ఉంటుంది. నడిమికి వచ్చేసరికి నరమే అయిపోతుంది. చుట్టు తిరిగి కలవడానికి దారి లేదు."

నాకు నవ్వు కాదు, మంట పుట్టింది. "ఓడిపోవడానికి వీల్లేని పందెం ఇది!" అన్నాను. కలవని దాన్ని కలవకుండా చేశానని చెప్పుకోవడానికి మన్ను చాలు, సింహం చాలు. ఎన్ని తరాల నుంచి గెలుస్తున్నారో! పాము కలవలేదు, గండం గడిచిందని ఇంటిల్లిపాదీ నిశ్చింతగా ఉంటారు. అటు కన్ను పోతూ ఉంటుంది. భయపడవద్దని నేను ఎవరికీ చెప్పను. సరైనదానికి భయపడండి అంటాను. జనం తప్పుడుచోట భయపడుతుంటే అసలు ప్రమాదానికి కాపలా ఉండదు. "మా నమ్మకాలు మావి, నీకేం పోయింది" అనేవాళ్లకు ఆ కారులో కూర్చుని లోపలే జవాబు చెప్పుకున్నాను. నాకు పోయేది మా అక్క కన్ను.

దారి వదిలేసరికి సాయంత్రమైంది. రైలుకట్ట పక్కన అక్క ఇల్లు. ముందుగదిలో కుట్టుమిషన్ ముందే కూర్చుని ఉంది, చేతులు ఊరకే ఒడిలో పెట్టుకుని. మన్ను ఎండి చిట్లింది.

"వచ్చినావా? నీ మాట ఇన్నాను సూడు," అంది. "నా బతుక్కు ఒక్కసారన్నా నువ్వు సరైన మాట చెప్పినావురా."

"నేను చెప్పింది బియ్యం సంగతి, అక్కా."

"చెప్పింది బిడ్డ. బియ్యమంట, బస్తా అంట. నువ్వు బియ్యం గురించి చెప్పినా నీ నోట్లోంచి పలికిచ్చినోడు ఒకడుండాడు గదా."

ఇక నేను ఆగలేదు. నరాలు, క్రిములు, అజ్ఞానం, ఆకు పసరు, అన్నీ కలిపి అరిచాను. పుంగనూరు సభలో పనికొచ్చిన వాక్యాలన్నీ వాడేశాను. అక్క ఇంకా బిగుసుకుని కూర్చుంది. "మన్ను దానంతటదే రాలాల. కడిగితే పాము తిరుక్కుంటాది. నువ్వు ఉపన్యాసం చెప్పుకో పో, నాకు తలనొప్పిగా ఉండాది." పొక్కుల మంటకు మాట మాటకూ ఆమె దవడ బిగుసుకుంటోంది. కన్ను మూసుకుపోయి, నేను ఏ పక్క నిలబడి ఉన్నానో కూడా ఆమెకు సరిగా తెలియడం లేదు. నేను కుడి పక్క ఉంటే ఆమె ఎడమ పక్కకు జవాబు చెబుతోంది. అది చూసి నేను అరవడం ఆపేశాను.

డాక్టరమ్మ మిషన్ మీదున్న ఎర్ర జాకెట్టు ముక్కలు చేతిలోకి తీసుకుంది.

"అమ్మా, ఈ ముందు భాగం ఎన్ని ముక్కలుగా కత్తిరిస్తారు?"

"అదేం ప్రశ్న? రెండు. కుడిది, ఎడమది."

"ఎడమ ముక్కలో నూలు పోగు లాగితే ఎక్కడిదాకా వస్తాది?"

"ఆ ముక్క అంచు దాకా. కుట్టు దాటి యాడికి పోతాది?"

"మన ఒళ్లు కూడా అట్లే అమ్మా. నరాలు ఈ పక్కవి ఈ పక్కే, ఆ పక్కవి ఆ పక్కే. నడిమి కుట్టు దగ్గర ఆగిపోతాయి. మీ మంట నడినొసలు దాటిందా, మీరే చెప్పండి."

అక్క మెల్లగా చెయ్యెత్తి మన్ను మీద వేళ్లు పెట్టింది. ఎడమ కణత దగ్గర మొదలుపెట్టి లోపలికి జరుపుతూ, నొప్పికి పళ్లు కరుచుకుంటూ, నొసటి నడుమకు వచ్చింది. అక్కడ వేలు ఆగింది. ఇంకొంచెం జరిపింది. మళ్లీ వెనక్కి వచ్చింది. గుడ్డ మీద కుట్టు వెతికినట్టుగా.

"ఈడికి నిలిచిపోయిందే," అంది. "గీత గీసినట్టు. ఆయనేమో రెండు పక్కలా పూసిపోయినాడు."

"పాము కలవదమ్మా. రాసినా కలవదు, రాయకపోయినా కలవదు. నాకు భయం పాముది కాదు. మీ ముక్కు కొన చూడనిస్తే చాలు."

అక్క మిషన్ చక్రం మీద చెయ్యి ఆనించింది. "కడుగు," అంది కూతురితో. "నీళ్లు కాచి తే. సల్లనీళ్లు పోస్తే సంపుతా."

కూతురు దూది తడిపి సింహాన్ని కాళ్ల వైపు నుంచి తుడుచుకుంటూ వచ్చింది. పళ్లెంలో నీళ్లు ఎర్రబడ్డాయి. ముక్కు దగ్గరికి వచ్చేసరికి డాక్టరమ్మ ఫోను లైటు వేసి వంగింది. నేను ఆమె ముఖాన్నే చూస్తున్నాను. అందులో ఏమీ మారలేదు. అదే నన్ను భయపెట్టింది.

ముక్కు కొన మీద, ఎడమ వారగా, మూడు పొక్కులు ఉన్నాయి.

మాత్రలు డాక్టరమ్మ సంచిలో లేవు గానీ, రైల్వేస్టేషన్ దారిలో మందులషాపు తెరిచి ఉంది. మొదటి మాత్ర అక్క నోట్లో పడేసరికి వీధి దీపాలు వెలిగాయి. రోజుకు అయిదుసార్లు వేసుకోవాలి. పొద్దున కంటి ఆసుపత్రిలో పసుపురంగు మందు చుక్క వేసి నీలం లైటులో చూశారు. నల్లగుడ్డు మీద సన్నటి కొమ్మల్లాంటి గీతలు మెరిశాయి. క్రిమి కంటిలోకి వచ్చేసింది. తగ్గొచ్చు, మచ్చ మిగలొచ్చు, ఇప్పుడే చెప్పలేం అన్నారు కంటి డాక్టరు. రెండో కన్ను ఎలా ఉందని అడిగి, చూసి, ఆ తర్వాత నెమ్మదిగా మాట్లాడటం మొదలుపెట్టారు.

ఆ వారం నేను కుప్పంలోనే ఉండిపోయాను. వెలుతురు తగలకుండా అక్క కంటికి పచ్చటి రేకు కట్టారు. ఆమె మిషన్ పక్కనే పడుకుంది. కుట్టవలసిన జాకెట్ల వాళ్లు వచ్చి గుమ్మంలో నిలబడి చూసి, ఏమీ అడగకుండా పోయేవాళ్లు. నాకు ఆ నిశ్శబ్దం కన్నా వాళ్లు అరిచినా బాగుండుననిపించేది. ఆ వారంలోనే డాక్టరమ్మ మా ఇద్దరి దగ్గరా నెత్తురు అడిగింది. ఒకే ఇంట్లో, ఒకే అమ్మవారు పోసిన ఇద్దరు. ఒకరిలో క్రిమి లేచింది, ఒకరిలో పడుకునే ఉంది. చచ్చిన క్రిమి ముక్కలు చూపిస్తే ఎవరి కణాలు ఎంత గట్టిగా ఎదురు తిరుగుతాయో చూస్తారట. సమ్మతిస్తారా అని మా ఇద్దరికీ విడివిడిగా, వివరంగా చెప్పి అడిగింది.

"మా వోడి నెత్తురులో కొట్లాడేవే ఉంటాయిలే," అంది అక్క పడుకునే. "పుట్టినప్పుట్నుంచి కొట్లాటే గదా."

సూది దిగుతుంటే నేను ముఖం తిప్పుకున్నాను. "వాడికి నేనే అంటించినానమ్మా," అని డాక్టరమ్మతో చెబుతోంది అక్క. "ఒళ్లంతా పొక్కులుండాయి, దగ్గరికి రావద్దని అమ్మ కొట్టినా వినకుండా నా దుప్పట్లోకే దూరినాడు."

నాకది గుర్తు లేదు. నా నరాల మొదట్లో పడుకున్నది మాత్రం మర్చిపోలేదన్నమాట.

మళ్లీ కంటి ఆసుపత్రికి వెళ్లిన రోజు డాక్టరమ్మ కూడా వచ్చింది. నేను బయట వరండాలో కూర్చోలేక లోపలికి తోసుకుని పోయాను. రేకు విప్పారు. చుక్క వేశారు. నీలం లైటు వేసి కంటి డాక్టరు చాలాసేపు చూశారు. కుర్చీ వెనక్కి జరిపి మళ్లీ ముందుకు జరిపి ఇంకోసారి చూశారు. గీతలు లేవన్నారు. మచ్చ కూడా కనిపించడం లేదు, ఇంకొన్నాళ్లు కనిపెట్టుకుని ఉండాలి అన్నారు.

వారం నుంచి ఆపుకున్నది ఒక్కసారిగా నోటికి వచ్చింది. "చూశావా అక్కా! మన్ను కాదు, మాత్ర! వచ్చే సభలో నీ కన్నే నా సాక్ష్యం. ఊరూరా చెబుతాను!"

"చెప్పకండి సార్," అంది డాక్టరమ్మ.

నేను ఆమె వైపు తిరిగాను.

"మాత్ర కన్నును కాపాడుతుందని నాకు తెలుసు, కానీ మీ అక్కను చూసి కాదు. మందు తీసుకున్న చాలామందినీ తీసుకోని చాలామందినీ పక్కపక్కన పెట్టి చూశారు కాబట్టి. ఈమె కన్ను మందు లేకున్నా నిలిచేదేమో, ఎవరు చెప్పగలరు? ఒక్క కన్నును చూపించి గెలిచామంటే, మీదీ ఆ మన్ను పూసినాయన సింహం లాంటి పందెమే అవుతుంది."

సభ మాట అక్కడే వదిలేశాను. నిజం చెప్పాలంటే, వదిలేయడం ఆ రోజు నాకు అవమానంగా కూడా అనిపించలేదు.

అక్క ఇంతసేపూ మా మాటలు వినడం లేదు. కంట్లో నీళ్లు కారుతుంటే కొంగుతో ఒత్తుకుంటూ, రెప్పలు కొట్టుకుంటూ, నన్నే చూస్తోంది. ముఖం కాదు, ఛాతీ వైపు. నాకు భయం వేసింది. "ఏమక్కా? మసకగా ఉందా?"

ఆమె చెయ్యి చాచి నా చొక్కా రెండో గుండీ పట్టుకుంది.

"ఎవురురా కుట్టింది దీన్ని? తెల్లసొక్కాకు గోధుమరంగు దారమేసి?"

నేను వంగి చూసుకున్నాను. ఆ గుండీ నేనే కుట్టుకున్నాను, మదనపల్లెలో, చేతికి దొరికిన దారంతో. అది తెల్లదారమే అనుకుంటూ ఇన్నాళ్లూ వేసుకుని తిరుగుతున్నాను.